పట్టుపురుగు నేర్చిన క్రొత్తవిద్య

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పట్టు అనిన చీరయు, చీర అనిన పెండ్లియు జ్ఞప్తికి వచ్చును. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున పదునాఱవ శతాబ్దినాటి చిత్రములలో ఆకాలపు వస్త్రముల అంచులను నేటికిని చూడవచ్చును. 1565లో తళ్లికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా చేసికొనిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర టిప్పు సుల్తాను మైసూరు సీమలో పట్టుపురుగుల పెంపకమును ప్రోత్సహించెను; ఆ సీమ హిందూపురమునకు పొరుగే. నేడు హిందూపురము పట్టుగూళ్ల అంగడికిని, ధర్మవరము పట్టునేతకును పేరుగన్నవి.

ఇది పెద్దలగు మీరెఱిగిన కథయే. నేను చెప్పదలచినది ఆ పురుగు గడచిన నలువది యేండ్లలో నేర్చిన వేఱొక విద్యను గూర్చి. అది మానవ శరీరమునందలి మాంసకృత్తును తయారుచేసి యిచ్చు విద్య.

మాంసకృత్తు అనగా పప్పులోను పాలలోను మాత్రమే యుండునది కాదు. పట్టుదారము స్వయముగా మాంసకృత్తే. మన రక్తములోను, చర్మములోను పనిచేయునవి యనేకములు గలవు. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ చోటు ఎఱ్ఱబడి వాచుట మీరెఱుగుదురు. గాయపడిన చోటినుండి కొన్ని చిన్న మాంసకృత్తులు వెలువడి, ఊరిలో దండోరా వేసినట్లు, రక్తమందలి తెల్లకణములను అచ్చటికి పిలుచును. వీనికి కీమోకైనులని పేరు. వీనిలో ఇంటర్ ల్యూకిన్-8 అనుదానిని 1987లో కనుగొనిరి. అది 72 అమినో ఆమ్లములు పూసలవలె గ్రుచ్చబడిన చిన్న దండ.

ఇట్టివాని గుణములను పరీక్షింపవలె ననిన అవి శుద్ధముగా కావలెను. మనుష్యుని రక్తమునుండి తీయుదమన్న, దొరకునది అత్యల్పము. అదియును పెక్కింటితో కలిసి యుండును. ఈ చిక్కు విడిపోవుటకు 1973లో అమెరికాలో దారి ఏర్పడెను. ఒక ప్రాణి జన్యువును వేఱొక ప్రాణిలో చేర్చి, అందు పనిచేయించు పద్ధతిని కోహెన్, బోయర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. 1978లో మానవుని ఇన్సులిన్ సూక్ష్మజీవులలో తయారయ్యెను. 1982లో ఔషధముగా అమ్మకమునకు వచ్చెను. మన హైదరాబాదులో 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు ఈ మార్గముననే, ఈస్టు కణముల సాయముతో, హెపటైటిస్-బి కామెర్ల టీకాను వెలువరించిరి. కీమోకైనులును ఇట్లే, ఎక్కువగా సూక్ష్మజీవులనుండి, పొడిగా తయారై పరిశోధనశాలలకు చేరుచున్నవి. గ్రాములో పదిలక్షలవ వంతు లెక్కన తూచబడు ఈ పొడి పరీక్షలకే గాని రోగికి మందుగా ఇచ్చునది కాదు.

ఇక పట్టుపురుగు మాట. నా చిన్ననాట మా పొరుగింటివారు పురుగులను పెంచెడివారు. నాలుగవ జ్వరము దాటి, నేడో రేపో చంద్రికలకు ఎక్కించుదమనగా, పురుగుల ఒడలు ఉబ్బి, తోలు చిట్లి, పాలవంటి ద్రవము కారెను. తట్టలన్నియు ఊరిబయట గోతిలో పూడ్చివేసిరి. ఆ యింటి యిల్లాలు గోతి యొడ్డున నిలిచి మాటలాడకుండుట నేటికిని నా కన్నుల గట్టినట్లున్నది. ఆ తెగులునకు కారణము ఒక వైరసు.

ఆ వైరసు పురుగుశరీరములో చేరి తన కవచమునకు కావలసిన ఒక మాంసకృత్తును రాశులుగా తయారుచేయించును. శాస్త్రజ్ఞుల బుద్ధి ఇచ్చటనే పనిచేసెను. ఆ కవచపు జన్యువును తీసి, దానిచోట మనుష్యుని జన్యువును పెట్టినచో పురుగు మనకు కావలసినదానినే తయారు చేయును గదా! 1985లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు ఇట్లే పట్టుపురుగులనుండి మానవ ఇంటర్ ఫెరాన్ ను రాబట్టిరి. 2000లో పట్టుపురుగు జన్యువులలోనే క్రొత్త జన్యువును స్థిరముగా నిలుపగలిగిరి. 2003లో మానవ కొల్లాజెన్ భాగమును గూటి దారములోనే కలిపి అల్లించిరి.

రైతు గుండె పగులగొట్టిన వైరసే పరిశోధకునికి సాధనమైనది. అయిన ఆ విద్య పురుగులు పెంచువారికేమి చేసినది? దీనికి జవాబు మన సీమలోనే కొంత కలదు. హిందూపురమునకు చేరువనున్న కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ కలదు. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. యందు జె. నాగరాజు గారి బృందము ఆ సంస్థవారితోను, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులతోను కలిసి, వైరసు జన్యువులను పనిచేయనీక అణచు శక్తిగల పట్టుపురుగులను సృష్టించెను. సాధారణపు పురుగులకంటె అవి ఆ తెగులును బాగుగా తట్టుకొన్నవి. ఈ ఫలితము 2013లో ప్రకటింపబడెను. నాగరాజుగారు 2012 డిసెంబరులో కీర్తిశేషులైరి. 

పరిశోధనశాలలో గెలిచిన పురుగు రైతు తట్టలోనికి వచ్చుటకు నడుమ పరీక్షలు, అనుమతులు అనేకములు గలవు. ఆ జాగ్రత్త తప్పనిసరి. కాని ఒక మాట మాత్రము మనవి చేసెదను. మీ యింటి పిల్లవాడు జీవశాస్త్రము చదివెదనన్నచో, అది మన మల్బరి తోటకు సంబంధింపని చదువని తలపకుడు. ఆనాడు గోతి యొడ్డున నిలిచిన ఆ యిల్లాలి దుఃఖమునకు జవాబు వెదకువారు ఆ చదువునుండియే రావలసియున్నది.