ఆపరేషన్ తర్వాత రోగికి ధైర్యం: ఇంగ్లీషు రాని కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలా కుటుంబాల్లో ఇంటి భాష ఉర్దూ లేదా తెలుగు. ఆపరేషన్ అయ్యాక దవాఖానాలో ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఏం రాశారో తెలియకపోతే రోగికి లేనిపోని భయం పట్టుకుంటుంది. ఇల్లు చేరేలోపే ఆ కాగితం అర్థం చేసుకుంటే సగం బెంగ తీరుతుంది.

అడగడం హక్కు

చికిత్స ఏమిటి, లాభం ఏమిటి, ప్రమాదం ఏమిటి, వేరే దారి ఉందా అన్నవి చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "అర్థం కాలేదు, ఉర్దూలోనో తెలుగులోనో చెప్పండి" అనడానికి మొహమాటం వద్దు. చిన్నపిల్లలతో తర్జుమా చేయించకూడదు. వాళ్లు భయపడతారు, రోగి కూడా అన్నీ చెప్పుకోలేరు. విన్నది మన మాటల్లో నర్సుకు తిరిగి చెబితే పొరపాటు అక్కడే బయటపడుతుంది.

కాగితంలోని గుర్తులు

ఓడీ: రోజుకు ఒకసారి. బీడీ: రెండుసార్లు. టీడీఎస్: మూడుసార్లు. హెచ్ఎస్: పడుకునే ముందు. 1-0-1: పొద్దున, రాత్రి. ఎస్ఓఎస్ అంటే ప్రమాదం అని కాదు. నొప్పి వంటి అవసరం ఉంటేనే వేసుకోమని. బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్‌కు 'నెగెటివ్' అని ఉంటే, పరీక్షించిన ముక్కలో క్యాన్సర్ కనబడలేదని అర్థం.

ఇంట్లో

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం కొన్నాళ్లు మామూలే. కబుర్లు చెప్పే మనిషి పక్కనుంటే మేలు. నమాజ్‌లో వంగవచ్చా, ఎన్నాళ్లు కూర్చుని చదవాలి, రోజా ఉండవచ్చా అన్నవి కూడా డాక్టర్‌ను ముందే అడగాలి. పెద్దవాళ్లు హఠాత్తుగా తికమకగా మాట్లాడితే దిష్టి అని ఊరుకోకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కళ్లద్దాలు, వినికిడి మిషన్ వాళ్లకు అందుబాటులో ఉంచాలి.

జ్వరం, కుట్ల దగ్గర చీము, పెరిగే ఎరుపు, పిక్కలో వాపు, నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా దవాఖానాకు వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి.

జీతం బెంగ

"పని పోతే ఇల్లెట్లా?" అన్నదే చాలామంది అసలు భయం. నెల జీతం 21,000 రూపాయల వరకు ఉండి ఈఎస్ఐ కట్టినవారికి, అర్హత ఉంటే సెలవు రోజులకు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. దానికి ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ ఖర్చు ఉండదు.