నాలుగు రంగులూ, ఒక నీలమూ

గ్రీకు చిత్రాలనగానే ఎరుపూ నలుపూ కలిసిన కుండలే గుర్తొస్తాయి. నిజానికి కుండ మీదున్న ఆ నలుపు రంగే కాదు. మెత్తగా తేర్చిన బంకమట్టి పూత ఆవంలో కాలి అలా మారింది. పేరుమోసిన చిత్రకారులు కుండలు ముట్టలేదు. గోడలమీదా, అంతకన్నా ఎక్కువగా చెక్క పలకలమీదా గీశారు. చెక్క చివికిపోయింది. పేర్లు మిగిలాయి.

ఆ పేర్లు చాలావరకు ప్లినీ రాసిపెట్టినవే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ ఆయన. అపెలీజ్ వంటి మేటి చిత్రకారులకు నాలుగే రంగులు చాలాయంటాడు: మెలోస్ దీవి తెల్లమన్ను, అట్టికా పసుపుమన్ను, నల్లసముద్రపు తీరంలోని సినోపీ జేగురు, నలుపు. ఆ నలుపు కోసం పోలిగ్నోటస్ అనే చిత్రకారుడు ద్రాక్షపిప్పి వాడితే, అపెలీజ్ ఏనుగు దంతం కాల్చాడట. అలెగ్జాండర్ బొమ్మలు గీసినవాడు మరి, పిప్పితో సరిపెట్టుకుంటాడా!

రంగును పట్టి ఉంచడానికి తేనెమైనం వాడే పద్ధతీ ఉండేది. కరిగించిన మైనంలో రంగుపొడి కలిపి, వేడిచేసిన లోహపు పనిముట్లతో పలక మీద పరిచేవారు. సిక్యోన్ నగరపు పౌసియాస్ ఇందులో దిట్ట.

అంతా బాగానే ఉంది, నీలం మాటేమిటి? 1934లో కొరింత్ దగ్గర పిట్సా అనే ఊరి పైనున్న గుహలో చిన్న చెక్క పలకలు దొరికాయి. క్రీ.పూ. 540–530 నాటివి. తెల్లటి పూత మీద వనదేవతలకు గొర్రెపిల్లను బలికి తీసుకెళ్తున్న జనం, వాళ్ల ఒంటిమీద నీలం బట్టలు! అపెలీజ్‌కు రెండు వందల ఏళ్ల ముందు మాట ఇది. రాగి, ఇసుక, సున్నం కలిపి కాల్చి చేసే ఈజిప్టు నీలం గ్రీకులకు కొత్తేమీ కాదు.

ప్లినీ తెలియక నాలుగే రంగులని రాశాడనుకోను. ఆయన కోపం తన కాలపు రోమన్ల ఆడంబరం మీద. గోడలకు సైతం ఖరీదైన ఊదా పూస్తున్నారు, ఇండియా నుంచి నదుల బురద తెప్పించుకుంటున్నారు, చెప్పుకోదగ్గ బొమ్మ మాత్రం ఒక్కటీ లేదని ఆయన ఫిర్యాదు. వాళ్లను దెప్పడానికి పాతవాళ్ల నాలుగు రంగులు బాగా పనికొచ్చాయి. ఇంతకీ ఆ బురద మన నీలిమందే. రెల్లుకు పట్టిన నురుగులో పేరుకునే మడ్డి అనుకున్నాడాయన, ఆకుల్ని నానబెట్టి తీస్తారని తెలియక.