ముందు ఎవరు కరగాలి? ఫీజు తీగ చరిత్ర, మన కొండ లైను

పోస్టు కాస్త పొడుగే. ఇది మన ఊళ్ల చీకటి సంగతి కాబట్టి ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ గదిలో ఉన్న నలుగురం నాలుగు కొండ ఊళ్ల వాళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఊళ్లో 'ఫీజు పోయింది' అంటే ఆ రాత్రి బుడ్డిదీపమే అని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంటర్‌లో చేరిన రోజు ఆఫీసులో 'ఫీజు ఏదీ?' అని అడిగితే మాలో ఒకడు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. పుస్తకాల్లో దాన్ని ఫ్యూజు అంటారు. మేం మాత్రం ఇక్కడ ఫీజు అనే రాస్తాం.

ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరాక తెలిసిందేంటంటే, ఫీజు పోవడం తప్పు కాదు. పోవడానికే దాన్ని పెట్టారు. ఏది ముందు పోవాలి, ఏది నిలబడాలి అన్నది నేర్చుకోవడానికి మనుషులకు చాలా ఏళ్లు పట్టింది.

మొదటి అడుగు టెలిగ్రాఫ్ వాళ్లది. 1847లో బ్రెగే అనే ఫ్రెంచి ఆయన పిడుగుల నుంచి టెలిగ్రాఫ్ ఆఫీసులను కాపాడటానికి లైను చివర సన్నటి తీగ ముక్క పెట్టమన్నాడు. పిడుగు పడితే ఆ ముక్క కాలిపోతుంది, లోపలి మిషను బతుకుతుంది. తర్వాత దీపాల కాలం వచ్చింది. 1880లో ఎడిసన్ ఇలాంటి తీగకే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లకు న్యూయార్కు పెరల్ స్ట్రీట్‌లో ఆయన కరెంటు స్టేషను మొదలైంది. ఒక ఇంట్లో వైర్లు కలిసిపోతే ఆ ఇల్లే చీకటవ్వాలి, వీధి మొత్తం కాదు. అసలు ఆలోచన అంతే.

కానీ ఎంత సన్నటి తీగ పెట్టాలి? దీన్ని లెక్కలోకి తెచ్చింది ప్రీస్. బ్రిటన్ పోస్టాఫీసు శాఖలో టెలిగ్రాఫ్ ఇంజినీరు. 1880లలో రకరకాల లోహపు తీగలను కరిగించి చూశాడు. ఆయన లెక్క ప్రకారం 1 మిల్లీమీటరు రాగి తీగ సుమారు 80 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. అదే మందం సీసం అయితే 11 ఆంపియర్లకే పోతుంది. ఇంకో సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. తీగ మందం రెండింతలు చేస్తే అది ఓర్చుకునే కరెంటు రెండింతలు కాదు, దాదాపు 2.8 రెట్లు పెరుగుతుంది. అంటే 'కాస్త లావు తీగ వేద్దాం లే' అన్నప్పుడు ఆ 'కాస్త' నిజానికి చాలా ఎక్కువ.

ఊళ్లు పెరిగి లైన్లు పొడుగయ్యేసరికి ఒక ఫీజు సరిపోలేదు. ఇంటి దగ్గర ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటి, లైను చీలే చోట ఒకటి, చివరికి సబ్‌స్టేషన్‌లో బ్రేకరు. ఇన్ని ఉన్నప్పుడు ఏది ముందు తెగాలి? తప్పు జరిగిన చోటికి దగ్గరలో ఉన్నదే ముందు తెగాలి. చెప్పడం తేలికే. ఫీజుకు మాత్రం చోటు తెలీదు కదా, వేడి ఒక్కటే తెలుసు. కరెంటు ఎంత ఎక్కువైతే అంత త్వరగా కరుగుతుంది. అందుకని ఇంజినీర్లు ప్రతి ఫీజుకూ ఎన్ని ఆంపియర్లకు ఎన్ని సెకన్లు అని గీతలు గీసి, ఒక గీత మీద ఇంకో గీత పెట్టి చూడటం మొదలుపెట్టారు.

దీంట్లోంచే 75 శాతం రూలు వచ్చింది. చివరి ఫీజు పూర్తిగా తెగి మంట ఆరడానికి పట్టే టైము, దాని వెనక ఉన్న పెద్ద ఫీజు కరగడం మొదలవడానికి పట్టే టైములో 75 శాతం దాటకూడదు. నూటికి నూరు ఎందుకు కాదంటే, పెద్ద ఫీజు పైకి తెగకపోయినా లోపల సగం కరిగి బలహీనపడుతుంది. అప్పుడు బాగానే కనిపించి, ఇంకో రోజు ఏ కారణం లేకుండా పోతుంది. లైన్‌మన్ అన్న వచ్చి 'లైను బాగానే ఉంది కదరా' అని తల గోక్కునేది అలాంటి రోజే.

ఈ లెక్కను పల్లెటూళ్లకు అవసరమయ్యేలా చేసింది అమెరికా రైతుల లైన్లు. 1930ల మధ్యలో అక్కడి వ్యవసాయ కుటుంబాల్లో పదింట ఒకరికే కరెంటు ఉండేది. 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టాక మైళ్ల కొద్దీ ఒంటరి లైన్లు పొలాల్లోకి వెళ్లాయి. గాలికి కొమ్మ తగిలి వదిలేస్తుంది, పిడుగు మెరిసి పోతుంది. పై తీగల మీద వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చి పోయేవే. దానికి ప్రతిసారీ ఫీజు తెగితే ఒక మనిషి పదిహేను మైళ్లు రావాలి. అందుకే 1940ల నాటికి రీక్లోజర్ అనే పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. తప్పు రాగానే ఫీజు కరిగేలోపే ఇది తెగుతుంది, క్షణంలో మళ్లీ కలుస్తుంది. కొమ్మ తప్పుకుంటే దీపం ఒకసారి మిణుకుమని వెలుగుతూనే ఉంటుంది. తప్పు ఇంకా ఉంటే ఈసారి రీక్లోజర్ ఆగి చూస్తుంది, కొమ్మ దగ్గరి ఫీజు తెగుతుంది. మన అడవి లైన్ల కోసమే కనిపెట్టారా అనిపించింది మాకు.

ఇక మన సంగతి. మన కొండల్లో కరెంటు పుట్టింది చాలా ముందే. మాచ్‌ఖండ్‌లో 1955లోనే మిషన్లు తిరిగాయి. మొత్తం సామర్థ్యం 114.75 మెగావాట్లు. ఆ నీళ్ల కింద వేల కుటుంబాల ఊళ్లు పోయాయి, వాళ్లలో ఆదివాసులు ఎంతోమంది. తర్వాత ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460 మెగావాట్లు. పెద్ద తీగలు మన తలల మీదుగా పట్నాలకు వెళ్లాయి. ఆ తీగల కిందున్న ఎన్నో గూడేలకు చిన్న తీగ రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. వచ్చినప్పుడు కూడా సన్నటి పొడుగు లైను చివర, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. కోపం వస్తుంది, దాచుకోం. కానీ ఈ పోస్టులో మా తప్పు కూడా చెప్పాలి.

మాలో ఒకరి ఊళ్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. వానాకాలం వారానికి రెండు మూడు సార్లు పైన 11 కేవీ వైపు ఫీజు పోయేది. లైన్‌మన్ రావాలంటే వాగు దాటాలి. విసిగిపోయి ఒక మావయ్య, 'ఈసారి పోకుండా వేద్దాం' అని, లైను ఆపించి, తెగిన కండక్టరులోని అల్యూమినియం పోగు లాగి కట్టించాడు. ఊరంతా మెచ్చుకున్నాం. నెలన్నర ఒక్కసారి కూడా పోలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండుగా పనిచేసినా 11 కేవీ వైపు లాగేది 1.3 ఆంపియర్లే, మన ఇళ్ల వైపు 33. ఆ పోగు మందం 2 మిల్లీమీటర్లు ఉన్నా ప్రీస్ లెక్కలో 160 ఆంపియర్లు దాటితే గానీ కరగదు. 1.3 ఎక్కడ, 160 ఎక్కడ? అది ఫీజు కాదు, ఇనప కడ్డీతో సమానం.

ఒక రాత్రి గాలికి కింది తీగలు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఇళ్ల వైపు ఫీజుల్లోనూ ఎప్పుడో లావు తీగే చుట్టి ఉంది, అవీ పోలేదు. ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయింది. లోపల చుట్టలు కలిసిపోయేసరికి సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడి, ఆ ఫీడరు మీద ఉన్న ఊళ్లన్నీ చీకట్లోకి వెళ్లాయి. పక్క ఊళ్లో మా చెల్లి వరస పిల్లకు తెల్లారితే టెన్త్ పరీక్ష. మా ఊరు ఒక గంట చీకటికి ఒప్పుకోనందుకు పది ఊళ్లకు రాత్రంతా పోయింది, మాకు మూడు వారాలు పోయింది.

తప్పంతా మావయ్యదే అని మేం అనం. వారానికి మూడుసార్లు ఎందుకు పోతోందో ఎవరూ చూడలేదు. తీగలకు తగిలే కొమ్మలు కొట్టలేదు. సరైన తీగ అందుబాటులో లేదు. కొమ్మల సంగతి తేల్చకుండా 'మీరే తీగ మార్చేశారు' అని ఊరిని తిట్టడం సులువు.

సెలవులకు వెళ్లినప్పుడు మేం చేస్తున్నది చిన్న పని. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీశాం. ఎప్పుడు పోయింది, మా ఊరే పోయిందా పక్క ఊళ్లు కూడానా, గాలీ వానా ఉందా. రెండో గడే ముఖ్యం. మా ఇళ్లలో తప్పు జరిగి పక్క ఊళ్లు కూడా పోయాయంటే, మధ్యలో తెగాల్సిన ఫీజు తెగలేదని అర్థం. స్తంభం ఎక్కం, ఫీజు పెట్టె ముట్టం. మీరూ ముట్టకండి, 11 కేవీ రెండో అవకాశం ఇవ్వదు.

పోయిన నెల ఆ పుస్తకం లైన్‌మన్ అన్నకు చూపించాం. పేజీలు తిప్పి, వరసగా ఐదు గాలి రోజులు ఉన్న చోట వేలు పెట్టి, 'ఇది చింతచెట్టు దగ్గరి స్పాన్‌రా' అన్నాడు. కత్తి పట్టుకుని వచ్చే ఆదివారం రమ్మన్నాడు, లైను ఆపించాకే కొడదాం అని. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ సైజు తీగ వేశారో కూడా ఆ రోజే చూపిస్తానన్నాడు.