సాలూరి రాజేశ్వరరావు: ఇంటి పాట, పరాయి వాద్యము

ఇంటి పాటకు పరాయి వాద్యము తోడైనచో పాట మారునా, వాద్యమే మారునా? గ్రామఫోను, రేడియో, సినిమా వ్యాపించిన దేశములన్నిటను ఇరువదవ శతాబ్దిలో ఈ ప్రశ్న తలయెత్తినది. తెలుగునాట దానికి సమాధానము చెప్పినవి పండితుల వాదములకన్న ఎక్కువగా ఒక స్వరకర్త పాటలు. ఆయన సాలూరి రాజేశ్వరరావు.

రాజేశ్వరరావు 1922 అక్టోబరు 11న సాలూరు సమీపమునగల శివరామపురములో జన్మించినారు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారి కచేరీలకు సహకరించినవారు. ద్వారంవారి ఫిడేలు మాత్రము ఐరోపానుండి వచ్చినది కాదా? కర్ణాటక సంగీతములో అది సొంత బిడ్డవలె కుదురుకొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ వాద్యపు నాదము వినుచు పెరిగిన బాలునికి, వాద్యము ఎచ్చటిదన్న దానికన్న అది ఏమి పలుకుచున్నదన్నదే ముఖ్యమైనదనుటలో ఆశ్చర్యము లేదు.

బాల్యముననే ఆయన కంఠము గ్రామఫోను రికార్డులకెక్కినది. 1935లో వేల్ పిక్చర్సువారి ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రములో కృష్ణుడుగా నటించి పాడినారు. తరువాత కొంతకాలము కలకత్తాలో గడపి, పంకజ్ మల్లిక్, రాయ్‌చంద్ బోరల్, సైగల్ ప్రభృతుల గానపద్ధతిని దగ్గరనుండి గ్రహించినారు. సితారు, సుర్‌బహార్, మాండలిన్, హార్మోనియము, పియానో, తబలా: ఇన్ని వాద్యములు ఆయన చేతికి వశమైనవి.

ఆయన తొలి కీర్తికి కారణము మాత్రము కంఠమే. అంతవరకు తెలుగు గాయకుడనగా రంగస్థల గాయకుడే. పందిరి చివరి వరుసలో కూర్చున్నవానికి వినబడునట్లు రాగమెత్తుట అతని ధర్మము. మైక్రోఫోను ఆ నిర్బంధమును తొలగించినది. ఈ మార్పును గుర్తించి, పక్కన కూర్చున్నవారితో మాటలాడినట్లు పాడినవారిలో రాజేశ్వరరావు అగ్రగణ్యులు. 1940లో వచ్చిన ‘ఇల్లాలు’ చిత్రములోను, ఆ కాలపు రికార్డులలోను ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన యుగళగీతములు లలితసంగీతమునకు బాట వేసినవి.

ఇట్టి మార్పే దూరదేశమైన బ్రెజిల్‌లోను వచ్చినది. అచ్చటి సాంబా వీథులలో డప్పులతో సాగు ఉత్సవగానము. 1950ల తొలి యేండ్లలో జానీ ఆల్ఫ్ అను పియానో వాద్యకుడు రియో డి జనీరోలోని చిన్న మధుశాలలలో కూర్చుండి, సాంబా నడకకు జాజ్ స్వరసమ్మేళనమును జోడించినాడు. 1958 నాటికి టామ్ జోబిమ్ స్వరరచనతో, జొవావ్ జిల్బెర్టో గుసగుస వంటి గానముతో అది ‘బోసానోవా’గా లోకమునకు తెలిసినది. ఇది అమెరికా జాజ్‌కు అనుకరణయని బ్రెజిల్ విమర్శకులు కొందరు ఆక్షేపించినారు.

అట్టి ఆక్షేపణ మన దేశములో అంతకు ముందే వినబడినది. మెట్లు కదలని హార్మోనియముపై గమకము పలుకదను కారణముతో 1940లో రేడియో దానిని నిషేధించినది. 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ హయాములో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కుదించుకుపోయినది. పాశ్చాత్య అనుకరణ మన రుచిని చెరచుచున్నదన్నది వారి బాధ. ఆ బాధ నిరాధారమైనది కాదు. అరువు తెచ్చిన బాణీలు ఆనాడు కొల్లలు.

కాని రాజేశ్వరరావు పనిని చూచినచో ఆ తీర్పు అందరికి వర్తింపదని తెలియును. జెమినీవారి ‘చంద్రలేఖ’ (1948)లో కర్ణాటక, హిందూస్తానీ బాణీల సరసనే లాటిన్ అమెరికా లయలు, ఐరోపా నృత్యగతులు వినవచ్చును. మూడేండ్లకే బి. ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’కి, దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతములకు, అచ్చమైన దేశీయ మార్దవముతో బాణీలు కట్టినారు. అద్దేపల్లి రామారావు వాద్యగోష్ఠిని తీర్చినారు. రెండును ఒకే చేతి పనులు. కథ కోరినదానిని ఇచ్చుటయే ఆయన నియమము.

ఈ ప్రస్థానములో ఆయన కోల్పోయినదియు కలదు. స్వరకర్తగా పేరు పెరిగినకొలది గాయకుడు తెరమరుగైనాడు. ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955) చిత్రములలో ఏ. ఎం. రాజా గళమున పలికిన మెత్తదనము రాజేశ్వరరావు తొలినాటి గానమును గుర్తుచేయును. తన కంఠము సాధించినదానిని ఆయన ఇతరుల కంఠములకు ధారపోసినారు.

1964లో వచ్చిన ‘పూజాఫలము’లో నాయిక పియానో ముందు కూర్చుండి పాడు పాట హిందోళము. ఆ రాగములో రిషభ పంచమములు లేవు. పాశ్చాత్య స్వరసమ్మేళనమునకు పంచమము మూలస్తంభము వంటిది. అది లేని రాగమును పియానో సరసన నిలుపుట సులభము కాదు. గమకమును గాయని గొంతుకు విడిచి, పియానోను తోడుగా ఉంచినప్పుడు హిందోళము హిందోళముగనే నిలిచినది.

రాజేశ్వరరావు 1999లో కన్నుమూసినారు. ఆ పాట విన్న తెలుగువాడు పియానో ఏ దేశపుదని అడుగడు. తెలియకుండగనే పల్లవి అందుకొనును.