ఈ రిక్వెస్ట్ ఎవరిది? టెనెంట్ డేటాబేస్‌ల వెనక కథ

మీ అప్లికేషన్‌ని 300 కంపెనీలు వాడుతున్నాయి, ఒక్కో కంపెనీకి ఒక్కో డేటాబేస్ ఇచ్చారనుకుందాం. ఒక రిక్వెస్ట్ వచ్చింది. అది ఎవరిది, ఏ డేటాబేస్‌కి పోవాలి? ఇదంతా క్లౌడ్ తెచ్చిన తలనొప్పి అనుకుంటాం గానీ, ఇది మా నాన్నగారి తరం నాటిది.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ చూపించింది. ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడటం అన్నమాట. 1966లో అక్కడ ఒక విచిత్రం జరిగింది. లాగిన్ అయినవాళ్లకి రోజూ వచ్చే సందేశం బదులు అందరి పాస్‌వర్డులూ ప్రింట్ అయ్యాయి! ఎవరూ హ్యాక్ చేయలేదు. ఎడిటర్ ప్రోగ్రామ్ ఎప్పుడూ ఒకే పేరుతో టెంపరరీ ఫైల్ రాసేది. ఆ డైరెక్టరీలో ఒకసారికి ఒక్కరే పనిచేస్తారని దాని లెక్క. ఆరోజు ఇద్దరు చేశారు. ఒకరు సందేశం మారుస్తున్నారు, ఇంకొకరు పాస్‌వర్డ్ ఫైల్. రెండూ తారుమారు.

ఈ బగ్ మళ్లీ వస్తుంది, చూడండి.

1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ కస్టమర్లందర్నీ అవే టేబుల్స్‌లో పెట్టి, ప్రతి వరుసకీ సంస్థ ఐడీ తగిలించింది. ఖర్చు తక్కువే. కానీ ఈ పద్ధతిలో ఒక్క క్వెరీలో ఆ షరతు మర్చిపోతే ఒక కంపెనీ జీతాల లిస్టు ఇంకో కంపెనీ స్క్రీన్ మీద ఉంటుంది. ఆ భయానికే చాలామంది కంపెనీకో డేటాబేస్ పెట్టుకుంటారు.

అప్పుడు కనెక్షన్లు చాలవు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా ఇచ్చేది 100. ఒక కనెక్షన్ ఒకే డేటాబేస్‌తో మాట్లాడుతుంది. 300 డేటాబేస్‌లకి తలా ఐదంటే 1500! అందుకే కొందరు 2002లో 7.3 వెర్షన్‌తో వచ్చిన స్కీమాల వైపు వెళ్లారు. డేటాబేస్ ఒక్కటే, లోపల గదులు వేరు. రిక్వెస్ట్ రాగానే సబ్‌డొమైన్ చూసి సెర్చ్ పాత్ మార్చడమే.

ఇక్కడే పాత బగ్. టెనెంట్ పేరుని గ్లోబల్ వేరియబుల్‌లో పెడితే, రెండు థ్రెడ్లు ఒకేసారి వచ్చినప్పుడు ఒకదాని పేరుని ఇంకోటి చెరిపేస్తుంది. సరిగ్గా ఆ టెంపరరీ ఫైలే! పీజీబౌన్సర్‌ని ట్రాన్సాక్షన్ మోడ్‌లో వాడితే ఇంకా ప్రమాదం. ట్రాన్సాక్షన్ అవ్వగానే కనెక్షన్ వేరేవాళ్ల చేతికి పోతుంది, మీరు పెట్టిన పాత్ దాని మీదే ఉండిపోతుంది. రాత్రి నడిచే ఏదో జాబ్ పాత్ పెట్టకుండా దాన్ని అందుకుందంటే, వేరే కంపెనీ గదిలో రాసేస్తుంది. ఎర్రర్ కూడా రాదు.

అందుకే నేను టెనెంట్ పేరుని రిక్వెస్ట్‌తోపాటే మోస్తాను, పాత్‌ని ట్రాన్సాక్షన్ లోపల సెట్ లోకల్‌తో పెడతాను. కమిట్ అయినా, రోల్‌బ్యాక్ అయినా అది దానంతటదే పోతుంది.