కరోడ్‌గిరీ నుండి బోధన్ చక్కెర దాకా

దిగుమతి సుంకం వేస్తే ధర ఎవరికి పెరుగుతుంది, పని ఎవరికి దొరుకుతుంది అన్న ప్రశ్న పెద్ద చదువులవాళ్ళది మాత్రమే కాదు, మన వంటింటిది కూడా. మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి జవాబున్నది.

నిజాం సర్కారులో సుంకాల మహకమాను కరోడ్‌గిరీ అనేవారు. రాజ్యానికి సముద్రపు రేవు లేదు. విలాయతీ సామాను బొంబాయి, మద్రాసు రేవులలో ఒకమారు, మన సరిహద్దు నాకా వద్ద మరొకమారు సుంకం కట్టి వచ్చేది. ఆ రెండూ కడకు కొనేవాని జేబులోనివే గదా! అయినా మన మగ్గానికి ఒరిగిందేమీ లేదు. 1802లో కంపెనీవారితో జరిగిన వ్యాపార ఒడంబడిక మన సుంకాన్ని నూటికి 5 వద్ద కట్టివేసింది. ఖజానాకు పైకం వచ్చింది గాని, మరమగ్గాల చవుక బట్టను ఆపడానికి అది చాలలేదు.

బ్రిటిషు ఇండియాలో ఇంకొక చిత్రం. 1896లో విదేశీ బట్టపై నూటికి మూడున్నర వేసి, మన మిల్లుల బట్టపైన కూడా అంతే వేసినారు. 1917 వరకు అట్లనే నడిచింది. రెండు ప్రక్కలా సమానంగా వేస్తే అది రక్షణ ఎట్లా అవుతుంది?

చక్కెర సంగతి వేరు. అప్పట్లో జావా చక్కెర మన బజార్లను నింపేది. 1932లో రక్షణ చట్టం చేసి హంద్రెడ్‌వెయిట్‌కు 7 రూపాయల 4 అణాల సుంకం విధించినారు, దానిపై అదనపు వడ్డన కూడా. దేశంలో 30 పైచిలుకున్న మిల్లులు అయిదేండ్లలో 130 దాటినవి. నిజాంసాగర్ నీళ్ళతో చెరకు పండగా, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. రైతుకు పంట అమ్ముకునే చోటు, కూలీకి జీతం దొరికినవి. మొదట కొనేవాడు భారం మోసినా, మిల్లుల మధ్య పోటీ పెరిగి ధర దిగింది. కాని 1937లోనే మిల్లుదారులు సిండికేటుగా కూడి ధర నిలబెట్టజూచినారు. జావా పోటీ లేనందువల్లనే వారికది వీలైంది.

1950 ఏప్రిల్ 1న ఆర్థిక విలీనం జరిగినాక మన సరిహద్దు సుంకాలు క్రమంగా పోయినవి. బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడి కార్మికులు వీధిన పడ్డారు.

సుంకం తీగకు పాతిన గుంజ వంటిది. తీగకు వేరు బలం లేకుంటే గుంజ ఏం చేస్తుంది? ఇక ఆ గుంజ ఖర్చు షీర్ ఖుర్మాలో చక్కెర వేసుకునే ప్రతి ఇల్లూ పెట్టినదే. కాబట్టి సుంకం పెంచినామని సర్కారు చెప్పినప్పుడు మూడు సంగతులు అడుగుదాం: ఎన్నేండ్లకు? ఎవరి పనికి? ఆ లోపల కార్ఖానా ఏం నేర్చుకుంటుంది? మన పిల్లలకు కూడా ఈ లెక్క నేర్పవలసిందిగా మనవి.