విడాకుల తీర్పు – అప్పీలు గడువు

భూమి తగాదాలో కింది కోర్టు పొరబడితే పై కోర్టు ఆ భూమిని తిరిగి ఇప్పించగలదు. విడాకుల తీర్పులో దొర్లిన పొరపాటు అటువంటిది కాదు. అప్పీలు తేలేలోగా ఒకరు మరల వివాహం చేసుకుంటే, తప్పును సరిదిద్దిన తీర్పే ఏ పాపమూ ఎరుగని మూడవ వ్యక్తి జీవితాన్ని చిక్కులలో పడవేస్తుంది. ఈ చట్టాలలో గడువుకు అంతటి ప్రాధాన్యం రావడానికి కారణమిదే.

క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. జిల్లా జడ్జి ఇచ్చిన డిక్రీని హైకోర్టు ధ్రువీకరించాలి. ఎవరూ అప్పీలు చేయకపోయినా పరిశీలన జరిగి తీరవలసిందే. అందుకు కనీసం ఆరు నెలలు ఆగాలి. ముగ్గురు న్యాయమూర్తులు విచారించాలి. రక్షణ గట్టిదే. కాని ఇరుపక్షాలూ కోరుకున్న విడాకులు సైతం పై కోర్టు గుమ్మంలో నిలిచిపోయేవి. ఈ నిబంధన 2001లో గాని తొలగలేదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం వేరొక దారి పట్టింది. ధ్రువీకరణ లేదు, అప్పీలు బాధితుల ఇష్టం. అయితే మొదటి కోర్టు డిక్రీ ఇచ్చిన నాటినుండి ఏడాది గడిచేవరకు పునర్వివాహం కూడదన్నది. 1976 సవరణ ఆ ఏడాదిని తొలగించి, అప్పీలుకు 30 రోజుల గడువు పెట్టింది. తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలన్నది కూడా ఆ సవరణే. జాప్యం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఇచ్ఛాపురంలో ఉండే ఇల్లాలు న్యాయవాదిని వెదకి, ఖర్చులు కూడబెట్టుకొని, అప్పటి హైకోర్టున్న హైదరాబాదు చేరడానికి నెల రోజులు ఏపాటి? గడువు దాటితే అవతలివారు మరల పెళ్లి చేసుకోవడానికి చట్టమే అనుమతించేది.

2002లో సుప్రీంకోర్టు ఒక అప్పీలును పరిష్కరిస్తూ సరిగా ఈ సంగతే ఎత్తిచూపింది. దూరాలు, భౌగోళిక పరిస్థితులు, కక్షిదారుల ఆర్థిక స్థితి గమనిస్తే 30 రోజులు చాలవని చెప్పి, తీర్పు ప్రతిని కేంద్ర న్యాయశాఖకు పంపించింది. పార్లమెంటు ఆలస్యం చేయలేదు. 2003లో హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ గడువు 90 రోజులైంది.

ఒక్కచోట మాత్రం సవరణ అందలేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులన్న మాట అలాగే మిగిలిపోయింది. ఏ గడువు చెల్లుతుందని కోర్టులలో వాదాలు నడిచాయి. బొంబాయి హైకోర్టు విస్తృత ధర్మాసనం 90 రోజులకే మొగ్గింది.